పేరంటాలి చీర

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో నాకు పెండ్లయింది. ధర్మవరం నుంచి పెనుకొండ దగ్గరి పల్లెకు పోయాను. అత్తగారిది పెద్ద సేద్యం, పెద్ద ఇల్లు, మగవాళ్లకు అంతకంటే పెద్ద కోపాలు. మా మామ జీతగాళ్లను చెర్నాకోలతో కొట్టడం నా కళ్లతో చూశాను. అలాంటి మనిషి అత్త మీద మాత్రం ఏనాడూ చెయ్యి వేయలేదు. అరిచేవాడు, కసిరేవాడు, అంతటితో సరి. మంచి ఇంట్లోనే పడ్డానులే అనుకున్నాను, ఉత్త పిచ్చిదాన్ని.

ఆ ఇంటికి ఒక పేరంటాలు ఉంది. మామ తాతకు మొదటి భార్య. పసుపు కుంకుమలతో ఉండగానే కాలు జారి బావిలో పడి చనిపోయిందట. అలా పోయినామెను దేవతగా కొలిచి, ఏటా పెద్దల పండుగనాడు కొత్త పట్టుచీర పెడతారు. మా పుట్టింట్లోనూ పేరంటాలు ఉంది గానీ ఆమె అంటే మాకు భయం లేదు. ఇక్కడంతా భయమే. నడిమింట్లో పీట మీద చీర మడిచిపెట్టి, అన్నం వడ్డించి, చెంబుతో నీళ్లు పెట్టి, ఇంటి ఇల్లాలు చివరగా బయటికి వచ్చి తలుపు మూస్తుంది. అందరం వసారాలో నోరు మెదపకుండా కూర్చుంటాం. కాసేపటికి మామ ఒకసారి దగ్గి తలుపు తీస్తాడు. చూస్తే చీర కొంగు తడిసి ఉంటుంది. ఆ యమ్మ బావిలోంచి వచ్చి పోయిందని అర్థం. ఆ చీరను ఆ దినమంతా కోడలు కట్టుకోవాలి. ఆ ఇంటికి నేనొక్కదాన్నే కోడలిని. మొదటిసారి ఆ తడి కొంగు భుజం మీద పడినప్పుడు నా పండ్లు టకటక కొట్టుకున్నాయి.

కొన్నేండ్లకు మామ పోయాడు. సూతకమని ఆ ఏడు పండుగ చేయలేదు. ఇంటి పెత్తనం నా భర్త చేతికి వచ్చింది, దాంతోపాటే మామ గొంతూ వచ్చింది. ఒకనాడు హిందూపురం మండీలో చింతపండు వేసి, ఎండన పడి వచ్చాడు. అన్నం చల్లారిందని కసిరితే నేను ఊరుకోక ఎదురు చెప్పాను. చెయ్యి ఎత్తాడు. ఎత్తిన చెయ్యి అట్లే ఆగిపోయింది. కళ్లు నడిమింటి తలుపు మీదికి పోయాయి.

"నాయనతోనే ఆ యమ్మా పోయిందేమో. ఇంకా ఈడ ఉండాదో లేదో ఈ పండక్కి తేలిపోతాది. అప్పుడు చెప్తా నీ సంగతి" అన్నాడు.

పండుగ ముందు అత్త నన్ను పెరట్లోకి పిలిచింది.

"అమ్మీ, ముండమోసినదాన్ని, ఆ చీర నేను ముట్టకూడదు. ఇంక నువ్వే తడపల్ల."

నాకు అర్థం కాలేదు.

"ఇన్నేండ్లూ తడిపింది నేనే. నాకు ముందు మా అత్త. ఆమెకు ముందు ఆమె అత్త. ఆ యమ్మ కాలు జారి పడలేదు. మొగుడే కొట్టి బావిలో ఏసినాడు. ఎనకాల రెండో పెండ్లామై వచ్చినామె, తనకూ అదే గతి పడతాదని, చెంబులో నీళ్లు కొంగు మీద పోసింది. అప్పుట్నుంచి ఈ ఇంట్లో ఆడదాని మీద చెయ్యి పడలేదు."

"దొరికిపోతే?"

"బావి యాడ ఉండాదో నీకు తెలుసు గదా."

నాకు ఒళ్లు మండింది. ఇన్నేండ్లు నన్ను వణికించింది ఈ ముసలామెనా! మంట చల్లారాక మాత్రం మిగిలింది భయమే. పోసేటప్పుడు ఆయన చూస్తే? ఆయన చూడకపోయినా, ఆ యమ్మే చూస్తే?

పండుగనాడు ఆయన వసారాలో కూర్చోలేదు. గడప పక్కనే పీట వేసుకున్నాడు. నేను లోపల చెంబు వంచాను. చప్పుడు కాకూడదని మెల్లగా వంచబోతే పట్టు తప్పి చెంబుడు నీళ్లూ ఒక్కసారే పడ్డాయి. చీరంతా తడిసిపోయింది. తుడవడానికి వ్యవధి లేదు. బయటికి వచ్చి తలుపు మూశాను.

ఆయన దగ్గనే లేదు. తలుపు కింది నుంచి నీళ్లు వచ్చి ఆయన పాదాలను తాకాయి. లేచి తలుపు తీసి, చూసి, గడప మీదే కూలబడ్డాడు.

నేను లోపలికి పోయి ఆ చీర కట్టుకున్నాను. తడిసిన పట్టు ఎంత బరువో అప్పుడు తెలిసింది. చివరిసారి ఆ యమ్మ బావిలో ఇదే బరువు మోసి ఉంటుంది. ఇంతమంది ఆడవాళ్లం ఆమెను అడ్డం పెట్టుకుని బతికాం గానీ, ఆమె కోసం ఒక్కరమూ ఏడవలేదు. నాకు ఏడుపు ఆగలేదు. ఆ కళ్లతోనే బయటికి వస్తే ఆయన నా కాళ్ల మీద పడ్డాడు.

"తప్పైపోయింది తల్లీ" అన్నాడు.

సాయంత్రం అత్త వసారా మెట్టు దాకా ఉన్న తడిని చూసి, "ఎంత పోసినావమ్మీ?" అని అడిగింది. చెంబుడే అన్నాను. ఆమె చెంబునూ తడినీ మార్చి మార్చి చూసింది. నేల వాలుగా ఉందేమోనని నాకు నేనే చెప్పుకున్నాను.

ఆ తరవాత ఆయన నా మీద చెయ్యి ఎత్తలేదు. నేను వడ్డిస్తే తల వంచుకుని తినేవాడు. ఎదురుగా వస్తే గోడవైపు ఒదిగేవాడు. చేయి తగిలితే ఉలిక్కిపడేవాడు. నా మొగుడు నా మొహం చూసి మాట్లాడితే చాలని ఎన్ని దినాలు అనుకున్నానో. భయపడొద్దు, పోసింది నేనే అని చెప్పాలని నోటిదాకా వచ్చేది. చెబితే ఆ చెయ్యి మళ్లీ లేస్తుంది. చెప్పలేదు.