ఫిల్లర్ యాకోబు విశ్రాంతి డ్యూటీ

పన్నెండేళ్ల కిందట వానాకాలంలో నన్ను లక్సెట్టిపేట నుంచి మంచిర్యాల దిక్కున ఒక బొగ్గుగని కాలనీ ఆసుపత్రికి ఫిజియోథెరపిస్టుగా వేశారు. నడుములు, మోకాళ్లు చూసుకుంటే చాలనుకున్నాను. మొదటి వారమే యాకోబు వచ్చాడు.

అతను ఫిల్లర్, అంటే గనిలో బొగ్గు ఎత్తి టబ్బులు నింపే మనిషి. ఒక జ్వరం తర్వాత పట్టుకున్న అలసట ఏళ్లు గడిచినా వదల్లేదు. పరీక్షలన్నీ బాగున్నాయి, మనిషే బాగాలేడు. దీర్ఘకాలిక అలసట జబ్బని డాక్టరుగారు తేల్చారు. గనిలోకి దిగడం ఇక కుదరదు. పైన లాంప్‌రూములో కూర్చుని, కార్మికులకు టోపీ దీపాలిచ్చే పని నిలకడగా చేయగలిగితే ఉద్యోగం ఉంటుంది, లేదంటే ఊడుతుంది. నెల రోజులు చూసి మెడికల్ బోర్డు తేలుస్తుంది.

ఈ జబ్బుకు మేం నేర్పేదాన్ని పేసింగ్ అంటారు. ఉన్న ఓపికంతా ఊడ్చేయకుండా కొంచెం పని, కొంచెం విశ్రాంతి, మళ్లీ కొంచెం పని. అలసట రాకముందే ఆగాలి. ఇదంతా విడమరిచి చెబితే యాకోబు బుద్ధిగా తలూపాడు.

రెండు రోజులకే భార్య సారమ్మ అతన్ని ఆటోలో వేసుకొచ్చింది. తీరా చూస్తే, నేను రోజంతటికీ పంచి ఇచ్చిన ఇంటిపనిని పొద్దున్నే ఒక్క ఊపులో లాగించేశాడు! ఫిల్లర్ల రివాజు అది. చెప్పినన్ని టబ్బులు నింపేస్తే షిఫ్టు ముగియకముందే ఇంటికి పోవచ్చు.

"పనంత ఒడగొట్టిన మేడమ్, ఇగ దినమంత రెస్టే గద!" అన్నాడు, లేవలేని స్థితిలోనూ గర్వంగా.

నాకు నవ్వూ కోపమూ రెండూ వచ్చాయి. సారమ్మకు కోపమొక్కటే వచ్చింది. "ఏందయ్యా, గనిల కప్పు కూలినంక ఊతకర్ర పెడ్తరా, ముందుగాల పెడ్తరా?" అని నిలదీసింది. నా ఉపన్యాసం ఎక్కని బుర్రకు ఆ మాట ఎక్కింది.

లాంప్‌రూములో మధ్యమధ్య పడుకోవడానికి అనుమతి తెచ్చాను. తోటివాళ్లు ఊరుకుంటారా? "అల్లుడు పండుకున్నడు, లొల్లి చెయ్యకుండ్రి!" అని ఒకటే ఆటపట్టించడం. ఉక్రోషంతో మళ్లీ ఎక్కడ పని మీద ఎగబడతాడోనని నాకు రోజూ భయమే.

నెలాఖరున బోర్డు డాక్టరు ముందుగా చెప్పకుండా వచ్చారు. ఆయన వెంట నేనూ లాంప్‌రూముకు వెళ్లాను. యాకోబు బల్ల మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. కొంప మునిగిందనుకున్నాను.

"ఏమయ్యా, చేతనైతలేదా?" అని డాక్టరు అడిగారు.

"మంచిగున్న సార్, గందుకే పండుకున్న," అన్నాడు యాకోబు. కాసేపటికి తానే లేచి, వరుసలో ఉన్నవాళ్లకు దీపాలివ్వడం మొదలుపెట్టాడు. ఉద్యోగం నిలిచింది.

ఈ జబ్బులో ఒళ్లు తేలిగ్గా ఉన్న రోజే ఎక్కువ ప్రమాదం. ఆ తర్వాత రిటైరయ్యే దాకా, ఇలాంటి రోగి ఎవరొచ్చినా బాగాలేని రోజు సంగతి తర్వాత అడిగేదాన్ని. బాగున్న రోజు ఏం చేస్తున్నారని ముందు అడిగేదాన్ని.