సూసి అడుగెయ్, పడతావు!

మా సూరయ్య మావ కళ్ళకి చీపురుపల్లిలో స్థిరంగా నిలబడ్డ మనిషి ఒక్కడూ కనపడడు. అందరూ ఇప్పుడో కాసేపటికో పడబోతున్నవాళ్ళే.

"ఒరే, సూసి అడుగెయ్, పడతావు!" ఆయన పలకరింపే అది. పోస్టుమేనుకీ అదే, పీటల మీద కూచున్న పెళ్ళికొడుక్కీ అదే. సాముగరిడీలు చేసే రాముడు ఓసారి ఇంటికొస్తే, చెయ్యి పట్టుకుని మరీ మెట్టు దింపాడు.

"నాను బియ్యం బస్తా పళ్ళతో ఎత్తుతాను మావా!" అన్నాడు రాముడు, సిగ్గుపడిపోతూ.

"ఎత్తు నాయనా. కిందకి సూసి ఎత్తు."

ఇదంతా అరవై ఎనిమిదిలో మొదలైంది. ఆ ఏడు మావ పెళ్ళాం కూర్మమ్మత్తకి మెడ మీద గడ్డలు లేచాయి. కేన్సరన్నారు. విశాఖపట్నం తీసుకెళితే సూదిమందులూ, స్టీరాయిడు మాత్రలూ మొదలెట్టారు. గడ్డలు కరుగుతున్నాయి, అత్త మొహం మాత్రం పున్నమి చంద్రుడిలా గుండ్రబడింది.

తిరిగొచ్చిన మర్నాడే మావ పెరట్లో పాచి గీకించి ఇసక పోయించాడు. గడపలన్నీ ఊడబీకించాడు.

"గడప లేని ఇల్లు ఇల్లేటిరా తమ్ముడూ?" అని మా అమ్మ లబలబలాడింది.

"ముందు తట్టుకునేది నీ కాలే అక్కా. పాలు తాగినావా?"

గుమ్మంలోకి ఎవరొచ్చినా గ్లాసుడు పాలో, రాగులతో కాచిన చోడి అంబలో తాగి తీరాలి. పొద్దున్నే వీధివీధంతా ఆయన వెంట ఎండలో నడవాలి. ముందు మావ, పక్కన అత్త, వెనకాల గొణుక్కుంటూ మేము.

"ఏటి మావా ఇది? ఊరంతా నవ్వుతన్నాది," అన్నాను ఓనాడు.

నన్ను పశువులశాల వెనక్కి లాక్కుపోయాడు. "ఆ మాత్రలు ఎముకల్ని గుల్ల సేస్తాయంటరా. పడితే ఇరిగిపోతాదన్నాడు డాక్టరు. పాలు, ఎండ, నడక మానొద్దన్నాడు. పడతావని మీ అత్తకొక్కదానికే సెప్తే మంచం దిగడానికి బయపడతాది. అందరికీ సెప్తే నాకు పిచ్చనుకుంటాది. అనుకోనీ."

వంటింట్లోకి వెళితే అత్త అంబలి కలుపుతూ నవ్వుతోంది.

"ఎముకల సంగతి సెప్పాడేటి మీ మావ?"

"నీకు తెలుసా అత్తా!"

"డాక్టరు నాకే ముందు సెప్పాడు. నాకు తెలుసని నువ్వనకు. పాపం, అంత కష్టపడి దాస్తన్నాడు."

రెండేళ్ళకి మందులు ఆగాయి. గడ్డలు మళ్ళీ రాలేదు, ఒక్క ఎముకా విరగలేదు. ఆఖరి మాత్ర మింగిన రోజున కూడా, మెట్టు దగ్గర మావ ఎప్పటిలాగే అరిచాడు.

"ఒసే, పడతావు!"

తిన్నగా దిగిపోతున్న అత్త టక్కున ఆగి, చెయ్యి చాపింది.

"నిజమే, పడేలాగున్నాను. పట్టుకో."