మూడు మిద్దెల చదరంగం

ఆ రోజుల్లో సెల్‌ఫోన్ అందరి జేబుల్లోకీ వచ్చేసింది గానీ, అందులో ఆడుకోవడానికి పాము ఒక్కటే ఉండేది. అది తన తోకను తానే కరుచుకుని చచ్చేది కాబట్టి, ఓడిపోయామన్న బాధ మనకు అంతగా అంటేది కాదు. మనిషి చేతిలో ఓడిపోవాలని సరదాపడితే మాత్రం ఆ మనిషి దగ్గరికే వెళ్ళాల్సి వచ్చేది. ఈ సత్యాన్ని మా చిన్నమామ కంటే బాగా ఎరిగినవాడు ఆదోనిలో ఇంకొకడు లేడు. ఆయన ప్రతి ఆదివారం పొద్దున్నే తలస్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఓడిపోవడానికి బస్సెక్కి ఎమ్మిగనూరు వెళ్ళేవాడు.

ఎమ్మిగనూరులో ఉండేది ఆయన తోడల్లుడు, అంటే మా అత్త అక్కగారి భర్త. చీరల వ్యాపారం. మేమంతా ఆయన్ను పెద్దాయన అనేవాళ్ళం (వయసు చూసి కాదు, వెడల్పు చూసి). ఇద్దరికీ చదరంగం పిచ్చి. పెళ్ళిళ్ళయిన కొత్తలో ఇద్దరూ ఒక ఒప్పందం చేసుకున్నారు: ఈ ఆదివారం ఓడినవాడు వచ్చే ఆదివారం గెలిచినవాడి ఊరికి రావాలి. వినడానికి ముచ్చటగానే ఉంది. ఆచరణలో ఏమైందంటే, పెద్దాయన ఆదోని మొహం చూడటం మానేశాడు. చూడాల్సిన అవసరం ఆయనకు మా మామ ఎప్పుడూ కల్పించలేదు. పత్తి మార్కెట్లో పనిచేసే మా మామ గుప్పెడు దూది వేళ్ళ మధ్య లాగి చూసి అది ఏ పక్క చేలో పండిందో చెప్పేసేవాడు. ఎదురుగా కూర్చున్న ఒంటె ఎటు నుంచి వచ్చి తన మంత్రిని మింగుతుందో మాత్రం మింగాకే తెలిసేది. ఆ దారిలో కండక్టర్లు ఆయన్ను ఊరి పేరు అడక్కుండానే టికెట్ చించి ఇచ్చేవారు. తిరుగు బస్సులో అయితే "ఈ పొద్దు మజ్జానం దంకా ఆగినావా సామీ?" అని పరామర్శించేవారు కూడా.

ఇందులో నిజంగా నష్టపోయింది మా అత్త. పెద్దాయన రాడు కాబట్టి ఆయన వెంట అక్కా రాదు. "మా అక్క నా ఇంట్లో కూసోని అన్నం తిని ఎన్నేండ్లాయెనో. కట్టుకున్నోనికి ఒక్కనాడన్నా గెలవనీకి సేతకాకపాయె" అని ఆమె ఆదివారం సాయంత్రాల్లో వీధి వైపు తిరిగి అనేది. వినాల్సిన మనిషి అప్పుడే బస్సు దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని, గోడవారగా లోపలికి వస్తూ ఉండేవాడు.

అలాంటి సమయంలో నేను రంగప్రవేశం చేశాను. అప్పుడప్పుడే ఒక పత్రికకు ఆదోని విలేకరిగా చేరాను. ప్రపంచంలో నాకు తెలియని విషయం లేదన్న నమ్మకం ఆ ఉద్యోగానికి ముఖ్య అర్హత కాబట్టి, అది నా దగ్గర పుష్కలంగా ఉండేది. ఒకరోజు క్షౌరశాలలో నా వంతు కోసం కూర్చుని ఒక పాత వారపత్రిక తిరగేస్తుంటే, ఒకదాని మీద ఒకటి పేర్చిన పలకల మీద చదరంగం ఆడుతున్న బొమ్మ కనిపించింది. కింద నాలుగు లైన్లు. మిగతా వివరాలున్న పేజీని ఎవరో గడ్డం నురుగు తుడవడానికి వాడేశారు. ఆ నాలుగు లైన్లతోనే నేను ఆ రంగంలో నిపుణుణ్ణయిపోయాను (పత్రికా రంగంలో అంతకంటే తక్కువ లైన్లతో నిపుణులైనవారిని తర్వాత చాలామందిని చూశాను).

"మామా, మూడు అంతస్తుల చదరంగం ఉంది. పక్కలకే కాదు, పైకీ కిందికీ పోవచ్చు," అన్నాను.

మామ అన్నం కలుపుతున్న చెయ్యి ఆపాడు. "పెద్దాయనకి తెల్సునా అది?"

"తెలీదు."

"నీకు తెల్సునా?"

"మనమే తయారు చేద్దాం."

"సాలు," అన్నాడు మామ. ఆట ఎలా ఉంటుందని కూడా అడగలేదు.

దేవుడి పటాలు కట్టే అంగడిలో మూడు అద్దాలు కోయించాం. నల్ల గళ్ళకు కార్ల అద్దాలకు అంటించే నల్ల కాగితం ముక్కలు అంటించాం. అద్దాల మధ్య స్తంభాలుగా ఏం పెట్టాలన్న సాంకేతిక సమస్యకు వంటింట్లో పరిష్కారం దొరికింది: నాలుగు మూలలా నాలుగు స్టీలు గ్లాసులు బోర్లించి, పైన ఇంకో అద్దం పెట్టి, దాని మీద మళ్ళీ నాలుగు గ్లాసులు. ఆ వారమంతా మా అత్త ఇంటికి వచ్చినవాళ్ళకు కాఫీ చిన్న గిన్నెల్లో పోసి ఇచ్చింది. తీరా పావులు పెట్టాక, రెండు అంతస్తుల మధ్య మామ చెయ్యి దూరడం లేదని తేలింది. దూర్చితే ఒక బంటును జరపబోయి ఊరు మొత్తాన్ని పడగొట్టి వచ్చేది. దాంతో పట్టకారు కూడా వంటింటి నుంచి ప్రయోగశాలకు బదిలీ అయింది.

"పొయ్యి మీద గిన్నె దించనీకి నా దగ్గర పట్టకారు ల్యా. ఈయప్ప దాంతో గుర్రాన్ని దించుతాండాడు," అంది అత్త, చీర కొంగుతో పప్పు గిన్నె దించి, వేళ్ళు ఊదుకుంటూ.

ఇక నియమాలు. సైన్యమంతా కింది అంతస్తులో మొదలవుతుంది, పై రెండూ ఖాళీ. అంతవరకు నా మేధస్సు సాఫీగానే సాగింది. ఎవరు పైకి ఎక్కగలరు అన్న దగ్గర మామ లోకజ్ఞానం అడ్డొచ్చింది.

"గుర్రం ఎగురుతాది, సరే. ఒంటె కూడా ఎక్కుతాదిలే, మెడ పొడుగు. మంత్రి యాడికన్నా పోతాడు, ఆయప్పని అడిగేటోడెవడు? ఏనుగు మాత్రం మిద్దెక్కదు."

"మామా, అది నిజం ఏనుగు కాదు."

"కాకపోతే మాత్రం? ఏనుగు మిద్దెక్కినాదంటే పెద్దాయన నవ్వడా? మిద్దె కూలదా?"

ఏనుగులు కింది అంతస్తుకే పరిమితమయ్యాయి. తర్వాత రాజు. మా పక్క నాటు ఆటలో రాజుకు ఒక సౌకర్యం ఉంది: ఆటలో ఇంకా ఒక్క చెక్ కూడా పడనంతవరకు, ఒకే ఒక్కసారి గుర్రంలా ఎగరవచ్చు. మామ జీవితంలో ఆ సౌకర్యం ఎప్పుడూ అక్కరకు రాలేదు. ఎగరాలన్న ఆలోచన వచ్చేసరికి పెద్దాయన చెక్ చెప్పేసి ఉండేవాడు. ఆ కడుపుమంటతో ఆయన ఒక సవరణ ప్రతిపాదించాడు. "రాజు మిద్దె మారినాడంటే వేరే ఊరు పోయినట్టే లెక్క అల్లుడా. వేరే ఊర్లో పాత కేసులు సెల్తాయా? అన్నీ మాఫీ. మళ్ళా ఎగరచ్చు." న్యాయశాస్త్రపరంగా నాకు ఇందులో లోపం కనిపించలేదు. మిద్దె మారిన ప్రతిసారీ రాజుకు కొత్త గెంతు ప్రసాదిస్తూ తీర్మానం ఆమోదించాం. ప్రతివారం ఓడిపోయేవాడి చేత రాజ్యాంగం రాయిస్తే అందులో ఓటమికి చోటుండదని, పట్టుమని పాతికేళ్ళు నిండని నాకు ఎవరు చెబుతారు?

పైగా నేను చరిత్ర సృష్టించే తొందరలో ఉన్నాను. 'చదరంగ చరిత్రలో నూతన అధ్యాయం' అని పెద్ద వార్త రాసి పంపాను. 'ఇది మేధావులను ఆకర్షించగలదని పరిశీలకులు భావిస్తున్నారు' అని ముగించాను (పరిశీలకులు నేనూ, మామా). డెస్కులో ఉన్న పెద్దమనిషి దాన్ని రెండు లైన్లకు కుదించి, బావిలో పడిన ఎద్దును బయటికి తీసిన వార్త కింద వేశాడు. ఎద్దుకు ఫొటో కూడా పడింది.

ఆ ఆదివారం మూడు అద్దాలనూ దుప్పట్లో చుట్టి బస్సెక్కాం. "ఏ దేవుని పటం సామీ?" అని అడిగాడు కండక్టరు. మామ జవాబు చెప్పేలోపే ఒక పెద్దావిడ లేచి సీటు ఇచ్చేసి, దుప్పటికి దండం పెట్టింది. ఆపైన నిజం చెప్పడం మర్యాద కాదని మామ కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. ఎమ్మిగనూరు చేరేదాకా దేవుడు కూర్చున్నాడు, నేను నిలబడ్డాను.

పెద్దాయన ఇంటి వసారాలో మా నిర్మాణాన్ని నిలబెట్టాం. ఆయన దాని చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఇదేందప్పా, పెండ్లిలో లడ్లు పెట్టే స్టాండా?"

"చదరంగం అన్నా. మూడు మిద్దెలది. మా అల్లుడు కనిపెట్టినాడు. పేపర్లో గూడా వచ్చినాది."

"సూసినా. ఎద్దు బాగుందా ఇప్పుడు?" అన్నాడు పెద్దాయన నావైపు తిరిగి.

నియమాలన్నీ ఓపిగ్గా విన్నాడు. రాజు కేసుల మాఫీ దగ్గర మాత్రం కనుబొమలు పైకి లేపాడు. "మీ రాజేనా, మా రాజు గూడా ఎగురుతాడా?" ఇద్దరూ ఎగురుతారని హామీ ఇచ్చాను. "అయితే పెట్టప్పా," అని బాసింపట్టు వేసుకున్నాడు.

భోజనాల వేళకు మామ సైన్యంలో రాజు, రెండు బంట్లు మిగిలారు. మామూలు చదరంగంలో అయితే ఈపాటికి బస్టాండులో ఉండేవాళ్ళం. కానీ మామ రాజు పై మిద్దెకు ఎక్కుతాడు, ఎగురుతాడు, నడిమి మిద్దెకు దిగుతాడు, మళ్ళీ ఎగురుతాడు. పెద్దాయన ఏనుగులు రెండూ కింద నిలబడి పైకి చూస్తూ ఉండిపోయాయి. పక్కింటి మగ్గాల వాళ్ళు పని ఆపి వచ్చారు. ఒకాయన కింది అంతస్తు కనిపించడం లేదని నేల మీద బోర్లా పడుకుని మరీ సలహాలిచ్చాడు. పెద్దాయన పట్టకారు పుచ్చుకుని చెమటలు కక్కుతూ, "ఒరే, ఇది రాజా, మిద్దెల మీద తిరిగే కోతా?" అని అరిచాడు. (ఈ దశలో అద్దాలు భళ్ళున పగిలి ఉంటాయని పాఠకులు ఆశిస్తున్నారని నాకు తెలుసు. పగల్లేదు. పగలనిదాన్ని పగిలిందని రాయడం ఉద్యోగంలో ఉండగా చేశాను, ఇప్పుడెందుకు?)

ఆఖరి బస్సు వేళయింది. ఆట అక్కడే ఉంది. వాళ్ళిద్దరి మధ్య డ్రా అనేది అంతకుముందు ఎన్నడూ జరగలేదు. దానికి ఇద్దరికీ అంతో ఇంతో సమానంగా ఆట రావాలి మరి. "ఎవురూ గెలవలే," అన్నాడు పెద్దాయన పట్టకారు కింద పెట్టి, అదేదో కొత్త రోగం పేరులా. తిరుగు బస్సులో మామ నా భుజం కుదిపి కుదిపి చెప్పాడు: "ఓడలేదు రా అల్లుడా! ఓడలేదు!" కండక్టరుకు చెప్పాడు. పక్క సీట్లో నిద్రపోతున్నవాణ్ణి లేపి చెప్పాడు. ఇంటికి చేరాక, చాలా ఏళ్ళ తర్వాత, చెప్పులు చప్పుడు చేసుకుంటూ లోపలికి నడిచాడు.

అత్త అంతా విని ఒక్క ప్రశ్న వేసింది. "అయితే వచ్చే ఆదివారం మా అక్కోళ్ళు వస్తారా?"

"ఆయన ఓడితే గదా రానీకి."

"మరి నువ్వు పోతావా?"

"నేనూ ఓడలే గదా."

"బలే ఆట కనిపెట్టినార్రా, మామా అల్లుండ్లు!" అంది అత్త. "ఉన్న ఒక్క దోవా మూసినారు."

ఆ ఆదివారం మామ తలస్నానం చేశాడు, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, అరుగు మీద కూర్చున్నాడు. మధ్యాహ్నానికి వంటింట్లోకి వెళ్ళి పప్పులో ఉప్పు ఎక్కువైందని చెప్పి, బయటికి వచ్చాడు. సెల్‌ఫోన్ ఎదురుగా పెట్టుకున్నాడు. ముందుగా ఫోన్ చేసినవాడు ఓడినట్టే కదా! అది మోగలేదు. తర్వాతి ఆదివారం కూడా అంతే. ఇంటికి తెచ్చి మళ్ళీ నిలబెట్టిన మూడంతస్తుల అద్దాల మీద దూది పింజలు వాలి, దుమ్ము పట్టి, రాజు నెత్తిన తెల్లజుట్టు మొలిచింది. ఇంకో ఆదివారం పొద్దున మామ నన్ను పిలిపించి, ఎక్కడో చూస్తూ అన్నాడు: "అల్లుడా, ఆలోసన సేసినా. నా మంత్రి పాయె, ఒంటెలు పాయె. నాయంగా సూస్తే ఆ ఆట నేను ఓడినట్టే లెక్క. నువ్వు సెప్పు, రూల్సు రాసినోడివి."

"ఓడినట్టే మామా," అన్నాను. నా జీవితంలో ఇచ్చిన ఒకే ఒక న్యాయమైన తీర్పు అది.

మామ మామూలు చదరంగం బల్ల సంచిలో పెట్టుకున్నాడు, నేనూ వెంట బయల్దేరాను. బస్సు దారిలో కోటేకల్లు ఊరి దగ్గరికి వచ్చేసరికి, ఎమ్మిగనూరు నుంచి వచ్చే ఎదురు బస్సు ఒకటి టైరు విప్పుకుని రోడ్డు పక్కన నిలబడి ఉంది. దాని నీడలో, చంకలో చదరంగం బల్లతో, పెద్దాయన. పక్కనే చేతిసంచితో మా అత్త అక్కగారు.

"ఆపప్పా! ఆపు! మా అన్న!" అని మామ కదులుతున్న బస్సులోంచే దిగబోయాడు.

"యాడికన్నా?"

"ఆదోనికప్పా. నేను ఓడినా గదా."

"నువ్వెట్ల ఓడతావు? ఓడింది నేను!"

"నీ సైన్నెమంతా తిని గూడా రాజును పట్టల్యాకపోతి. ఓటమి గాకపోతే ఏందప్పా అది?"

"అట్లెట్లన్నా? నేను దొంగ మాదిరి మిద్దెలెంబడి తిరిగితి. మా అల్లుడు తీర్పు గూడా ఇచ్చినాడు, అడుగు!"

"ఇన్నేండ్లు ఓడినావు సాలదా? ఒక్కతూరి నన్ను ఓడనీకీ ఇయ్యవా?"

మా బస్సు కండక్టరు మెట్టు మీద నుంచి ఈ వాదన కాసేపు విని, "ఎవురో ఒకరు ఓడి బస్సెక్కండప్పా!" అని విసుక్కుని, రైట్ కొట్టేశాడు.

చివరికి అక్కడే టీ అంగడి బెంచీ మీద, ఒకటే మిద్దె ఉన్న చదరంగం పరిచి తేల్చుకున్నారు. అలాంటి ఆట నేను మళ్ళీ చూడలేదు. ఇద్దరూ ఓడిపోవడానికే ఆడారు. మామ తన మంత్రిని తీసుకెళ్ళి ఏనుగు కాళ్ళ ముందు పెడితే, పెద్దాయన దాన్ని చూడనట్టే పక్క బంటును జరిపాడు. ఓటమిలో మామకున్న సుదీర్ఘ అనుభవం ఆ రోజు ఎందుకూ పనికిరాలేదు. టీ చల్లారకముందే పెద్దాయన రాజు నాలుగు వైపులా దిగ్బంధమై నిలబడ్డాడు. మామ బల్ల వైపు చూసి, తన చేతుల వైపు చూసుకుని, "గెలిసినానా?" అన్నాడు దిగులుగా.

"ఆట వచ్చినోనికే ఓడనీకి వస్తాదప్పా," అన్నాడు పెద్దాయన చొక్కా దులుపుకుంటూ. "పా, బస్సొస్తాంది. మీ ఊరు యా పక్క?"

ఆ రోజు మా అత్త ఏం వండిందో, అక్కాచెల్లెళ్ళు ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. వాళ్ళు వంటింటి తలుపు దగ్గరికి వేసుకున్నారు. పట్టకారు, ఎనిమిది గ్లాసులూ వాటి స్వస్థలాలకు చేరాయి. అద్దాల్లో రెండు ఊరగాయ జాడీల కింద అల్మారాలో స్థిరపడ్డాయి. ఆ వచ్చే ఆదివారానికి ఎమ్మిగనూరు ఎవరు వెళ్ళాలో, ఎవరు ఎవరి కోసం ఓడాలో వాళ్ళిద్దరే చూసుకున్నారు. నా రాజ్యాంగం వాళ్ళకు మళ్ళీ అవసరపడలేదు.

మూడో అద్దం ఇప్పుడు నా రాతబల్ల మీద ఉంది. దాని కింద, ఎద్దు వార్త తోక పట్టుకుని వేలాడుతూ నా రెండు లైన్లు. అప్పుడప్పుడు వాటిని చదువుకుని, మేధావులను ఆకర్షించడానికి బయల్దేరిన ఆ కుర్రవాణ్ణి చూసి నవ్వుకుంటాను. ఇవాళ నా ఫోన్‌లో కూడా చదరంగం ఉంది. రోజూ ఆడతాను. ఎక్కడ ఉన్నాడో, ఎవడో తెలియనివాడి చేతిలో రోజూ ఓడిపోతాను. ఓడిపోయాక ఎవరి ఊరికీ వెళ్ళక్కర్లేదు. ఎంతో తెలివిగా తయారు చేశారు గానీ, ఆ ఒక్క నియమం పెట్టడం మరిచిపోయారు. మా మామను ఒక్క మాట అడిగి ఉండాల్సింది.