ముందు బయల్దేరిన బ్యాగు

గుడివాడ నుంచి బందరు వెళ్ళి ఉండటాన్ని వలస అనొచ్చో లేదో నాకు తెలియదు. బస్సులో కిటికీ పక్క సీటు దొరికి కునుకు పడితే, అది నిద్రగా మారేలోపే ఊరొచ్చేస్తుంది. అయినా బందర్లో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్సు లెక్చరర్‌గా చేరబోతున్నాననీ, అక్కడే గది తీసుకుని ఉంటాననీ చెప్పిన రోజున, మా వీధి మొత్తం నన్ను ఓడ ఎక్కించడానికి వచ్చినట్టే వచ్చింది.

"అప్ అండ్ డౌన్ చేసుకోవచ్చుగా?" అన్నారు అందరూ. మా వైపు ఇది ప్రశ్న కాదు, పలకరింపు. గుడివాడలో సగం మంది ఎక్కడికో అక్కడికి అప్ అండ్ డౌన్ చేస్తుంటారు. మిగతా సగం వాళ్ళకి బస్టాండులో టీ పోస్తుంటారు.

చేసుకోవచ్చు. కానీ నాకు గడియ కావాలి.

మాది రెండు గదుల ఇల్లు. ఒకటి అమ్మానాన్నలది. రెండోది మా మేనత్తది, అంటే నాన్నకి అక్క. ఇంట్లో పంచాంగ శాఖ ఆవిడ దగ్గరే ఉంది. నాకు హాలు. హాలంటే అందరికీ దారి. పాలబ్బాయి, పేపరబ్బాయి, గ్యాసబ్బాయి రాకపోకల మధ్యే నేను ఎమ్మెస్సీ పూర్తిచేశాను. లోపల గడియ పెట్టుకుని నాదీ అనుకునే చోటు ఆ ఇంట్లో నాకు ఒక్కటే ఉండేది. అందులో మంచం పట్టదు.

అందుకే ఇనగుదురుపేటలో మేడ మీద ఆ గది చూసినప్పుడు మనసు పారేసుకున్నాను. ఇల్లుగలావిడ ముస్లిం ఆవిడ, భర్త పోయాక కింది వాటాలో ఒక్కతే ఉంటోంది. నీళ్ళెప్పుడొస్తాయో, మోటారు ఎప్పుడు వేయాలో, పెరట్లో కరివేపాకు ఎంత తుంచుకోవచ్చో ఆవిడ చెప్పుకుపోతోంది. నేను తలుపుకి లోపలివైపున్న ఇత్తడి గడియనే చూస్తున్నాను.

"ఆదివారం ఖాళీ అవుతుంది" అందావిడ. "ఆ రోజు పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ వినపడేలోపు సామానుతో రావాలి. లేకపోతే ఆసుపత్రి నర్సమ్మ ఒకామె అడుగుతోంది, ఇచ్చేస్తా."

"తప్పకుండా వస్తానాంటీ."

"నువ్వు రావడం కాదమ్మా, సామాను రావాలి. నీకు ముందు ఇద్దరు చేతులూపుకుంటూ వచ్చారు. వారం తిరక్కుండానే అప్ అండ్ డౌన్ మొదలెట్టారు. గది నాది, తాళంచెవి వాళ్ళది. సామాను లేని మనిషి నిలవదు."

ఇంటికొచ్చి ఆదివారం అన్నాను. అత్త పంచాంగం తీసింది.

"అమావాస్య నాడు పిల్లని ఇల్లు కదలనిస్తారట్రా?" అని నాన్ననడిగింది.

"పోనీ సోమవారం పొద్దున్నే..." అన్నాడు నాన్న. సోమవారమే నేను కాలేజీలో చేరాలి.

"సోమవారం తూర్పుకి శూల, అటు ప్రయాణం కూడదు. పైగా ఆ రోజు నుంచి ఆషాఢం. ఆషాఢంలో కొత్తింట్లో ఎవరన్నా చేరతారా? శ్రావణం దాకా ఆగమను."

"బందరు మనకి తూర్పు కాదత్తా, దక్షిణం" అన్నాను.

"సముద్రం ఏ దిక్కునుంటుందే?"

"తూర్పున."

"బందర్లో సముద్రం ఉందా, లేదా?"

నా ఎమ్మెస్సీ అక్కడితో ఆగింది. ఫోన్లో మ్యాపు తెరిచి చూపించాను. అది బందరు మాకు ఆగ్నేయమని చెప్పింది. "చూశావా! అయితే దక్షిణం శూల కూడా తగులుతుంది, గురువారమూ పనికిరాదు" అని అత్త మ్యాపుని కూడా తన పక్షంలో కలిపేసుకుంది. శుక్రవారం త్రయోదశి, దివ్యంగా ఉందట. కానీ శుక్రవారం గది ఖాళీగా లేదు.

"ప్రస్థానం పెడదాం" అని తీర్పు చెప్పింది చివరికి.

ప్రస్థానం అంటే తెలియనివాళ్ళు ఉండొచ్చు. మనిషి కదలడానికి మంచి రోజు కుదరకపోతే, అంతకుముందు వచ్చే మంచి రోజున ఆ మనిషి వస్తువేదైనా గడప దాటించి ఇంకొకళ్ళ దగ్గర ఉంచుతారు. వస్తువు బయల్దేరితే మనిషి బయల్దేరినట్టే. ఆ తర్వాత అమావాస్య నాడు కదిలినా అది శుక్రవారం ప్రయాణంలో మిగిలిన భాగమే. కాకపోతే ఆ వస్తువు మళ్ళీ మన గడప తొక్కకూడదు. మధ్యలో దాన్ని తెరవకూడదు. ఫిజిక్సులో ఇంత వెసులుబాటు ఉన్న సిద్ధాంతం నేనైతే చదవలేదు.

"ఒక రుమాలు పెడితే చాలు కదత్తా?"

"రుమాలు పెడితే రుమాలే చేరుతుంది."

అలా నా బతుకంతా ఒకే నీలం బ్యాగులోకి వెళ్ళింది. చీరలు, పుస్తకాలు, సర్టిఫికెట్లు, ఆవకాయ, చాప. జిప్పు మూలిగింది. నాలుగు మూలలా పసుపు బొట్లు పెట్టి, బందరు అడ్రసు, ఆంటీ ఫోన్ నంబరు పెద్దక్షరాలతో రాసిన కాగితం టేపుతో అంటించింది అత్త. చార్జరు కూడా లోపలే ఉందని నాకు శుక్రవారం సాయంత్రం తెలిసింది. అప్పటికి బ్యాగు బయల్దేరిపోయింది.

ఎక్కడికి బయల్దేరిందంటే, బస్టాండు ఎదురుగా ఉన్న కూల్‌డ్రింకుల కొట్టుకి. ఆ కొట్టాయన మాకు చుట్టం కాదు. కానీ చిన్నప్పటి నుంచి బాబాయ్ అనే పిలుస్తాను. నాన్న బండి మీద బ్యాగు తీసుకెళ్తే, ఆయన దాన్ని ఫ్రిజ్ మీద కూర్చోబెట్టి, దేవుడికి వెలిగించిన అగరొత్తి దానికీ చూపించాడట. "నిశ్చింతగా ఉండండి, దీని బాధ్యత నాది" అన్నాడట. ఆయన మాట తప్పాడని నేను ఇప్పటికీ అనలేను.

ఆదివారం భోంచేసి, పక్కింటివాళ్ళ చార్జరుతో సగం నిండిన ఫోను పట్టుకుని కొట్టుకి వెళ్ళాను. షట్టరు వేసి ఉంది. ఫోన్ చేశాను.

"బాబాయ్, కొట్టు మూసేశావేంటి?"

"కోడలికి నొప్పులొచ్చాయంటే పొద్దున్నే అవనిగడ్డ వచ్చేశామమ్మా, వాళ్ళ పుట్టింటికి! ఆడపిల్ల! అచ్చం నాయనమ్మ పోలిక. పుట్టీ పుట్టగానే అందర్నీ కేకలేస్తోంది."

"సంతోషం బాబాయ్. మరి నా బ్యాగు?"

"నాతోనే ఉంది."

"అవనిగడ్డలోనా?"

"కొట్లో పెట్టి తాళం వేస్తే నీ ప్రయాణానికి తాళం వేసినట్టు కాదూ? ప్రస్థానం బ్యాగమ్మా అది. పురిటింట్లో పెట్టలేదులే, మైల. ఇక్కడి బస్టాండు ఎదురు టీకొట్లో ఉంచా. అది చూసుకోకుండా ఉంటానా?"

తప్పు పడదామంటే ఆయన ఎక్కడా సందివ్వలేదు. బందరుకి ఒక దారి, అవనిగడ్డకి ఇంకో దారి. కానీ సామాను లేకుండా బందరు వెళ్తే గది నర్సమ్మది. రేపు ఆషాఢం. అంటే నెల్లాళ్ళు అప్ అండ్ డౌన్. నెల్లాళ్ళు అలవాటైందంటే ఇక నా జీవితం హాల్లోనే. "నేనొస్తున్నా, అక్కడే ఉండు" అని చెప్పి, కదులుతున్న అవనిగడ్డ బస్సు ఎక్కేశాను.

దూరం వేరు, స్థానభ్రంశం వేరు అని ఇంటర్ మొదటి సంవత్సరంలో చెప్తాం. ఎంత తిరిగినా, బయల్దేరిన చోటు నుంచి చేరిన చోటుకి తిన్నగా కొలిచిందే స్థానభ్రంశం. ఆ ఆదివారం నేను ఆ పాఠాన్ని ఆర్టీసీ ఖర్చుతో కాదుగానీ, ఆర్టీసీ సాయంతో నేర్చుకున్నాను. బస్సు పామర్రు దాటింది. కూచిపూడి దాటాక ఫోను కన్నుమూసింది. కాలవలకి కొత్తగా నీళ్ళొదిలారు. ఎర్రటి నీళ్ళు బస్సుతో పోటీగా పరిగెడుతున్నాయి. అప్పుడప్పుడూ అవే గెలిచాయి.

చల్లపల్లి బస్టాండులో మా బస్సు పక్కనే దివిసీమ నుంచి బందరు వెళ్ళే బస్సొచ్చి ఆగింది. కిటికీలోంచి చూస్తే, డ్రైవరు పక్కన ఇంజను మీద మామిడిపళ్ళ బుట్ట, దాని మీద డ్రైవరు తుండుగుడ్డ, గుడ్డ కిందనుంచి ఏదో సామాను మూల ఒకటి కనిపించింది. మూలకి పసుపు బొట్టు. మా అత్తలాంటి అత్త దివిసీమలోనూ ఉందన్నమాట అనుకున్నాను. ఎవరో పాపం, నాలాగే కొత్త ఊరు వెళ్తున్నారు. వాళ్ళ సామానైనా తిన్నగా వెళ్తోంది. నాకు ఆ సామానంటే ముచ్చటేసింది. రెండు బస్సులూ చెరో వైపు కదిలాయి.

పులిగడ్డ దగ్గర కృష్ణ పాయ దాటి, దివిసీమలోకొచ్చి అవనిగడ్డలో దిగేసరికి, బాబాయ్ టీకొట్టు ముందు మిఠాయి పొట్లంతో నిలబడి ఉన్నాడు. మొహం వెలిగిపోతోంది.

"ముందు నోరు తీపి చేసుకో."

"బ్యాగేది బాబాయ్?"

"పంపేశా!" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన మొహం మనవరాలిని చూసినప్పటికన్నా ఎక్కువ వెలిగిందేమో. "నువ్వు ఇంత దూరం రావడం, మళ్ళీ వెనక్కి మొయ్యడం ఎందుకని బందరు బస్సు డ్రైవరు చేతికిచ్చేశా. నీకు చెబుదామని ఎన్నిసార్లు చేశానో, స్విచ్ఛాఫ్ వస్తోంది. చార్జింగ్ పెట్టుకోవా అమ్మా?"

డ్రైవరు చేతికివ్వడం అంటే మా వైపు కొరియరు కన్నా పాత పద్ధతి. మందులు, పెరుగు క్యాన్లు, ఐసులో పెట్టిన చేపలు, పిల్లల స్వెట్టర్లు అన్నీ అలాగే ఊళ్ళు తిరుగుతాయి. అవతల దిగేచోట ఎవరో ఒకరు నిలబడి ఉంటారన్న నమ్మకం మీద నడిచే వ్యవస్థ అది. ఇప్పుడు అవతల నిలబడాల్సిన మనిషిని నేను. ఇవతల నిలబడి మిఠాయి తింటున్నాను.

అప్పుడు గుర్తొచ్చింది చల్లపల్లిలో చూసిన పసుపు బొట్టు. చెబితే బాబాయ్ టీకొట్టు బల్ల చరిచి నవ్వాడు. "నీ బ్యాగుని నువ్వే గుర్తుపట్టలేదా! మరి పిల్లలకి పాఠాలేం చెప్తావే?" నాకూ నవ్వాగలేదు. ఆయన ఫోన్లో పాప బొమ్మ చూపించాడు. నిజంగానే కేకలేస్తోంది.

ఆయన ఫోనుతోనే ఇంటికి చేశాను. ఆంటీ నంబరు చచ్చిన ఫోన్లోనూ, వెళ్ళిపోయిన బ్యాగు మీదా మాత్రమే ఉంది. అత్త ఎత్తింది. అంతా విని, "బ్యాగు బందరు దారిలో ఉందా?" అంది.

"ఉంది. నేనే దారిలో లేను."

"అది చేరితే నువ్వు చేరినట్టే. కంగారెందుకు?"

అత్త సిద్ధాంతం అత్తకి బాగానే ఉంది. ఇల్లుగలావిడ మా పంచాంగం చూడదు కదా. బందరు బస్సెక్కి కూర్చున్నాను. సూర్యుడు నాకన్నా తొందరలో ఉన్నాడు. చల్లపల్లిలో డ్రైవరు టీకి దిగి, టీ తాగి, గ్లాసు కడిగించి, ఇంకో టీ తాగాడు. లోకంలో ఇంత ప్రశాంతమైన మనిషిని మళ్ళీ చూడలేదు. బందరు పొలిమేరల్లో కిటికీ అద్దం జరపగానే ఉప్పుగాలి కొట్టింది, దాంతోపాటే అజాన్ వినిపించింది. ఎంత శ్రావ్యంగా ఉందో చెప్పలేను. ఇంకో పావుగంట ఆగి మొదలైతే ఇంకా శ్రావ్యంగా ఉండేది.

బస్టాండులో విచారణ కిటికీ దగ్గర నీలం బ్యాగు గురించి అడిగాను.

"పసుపు బొట్లదా? ఎవరో పెద్దావిడొచ్చి ఆటోలో పట్టుకెళ్ళారండీ. డ్రైవరే దాని మీద నంబరుంటే ఫోన్ చేశాడు."

ఆటో ఎక్కి ఇనగుదురుపేట వచ్చాను. కిందనుంచి చూస్తే మేడ మీద గదిలో లైటు వెలుగుతోంది. నర్సమ్మ చేరిపోయిందనుకున్నాను. మెట్లెక్కుతూ, ఆమెని బతిమాలడానికి మాటలు వెతుక్కున్నాను.

గదిలో ఎవరూ లేరు. మంచం మధ్యలో నా బ్యాగు కూర్చుని ఉంది. దాని మీద ఫ్యాను తిరుగుతోంది. పక్కన స్టూలు మీద మూత పెట్టిన గ్లాసుతో నీళ్ళు. ఇంటికొచ్చిన పెళ్ళివారికి జరిగినట్టే జరిగాయి మర్యాదలు.

నమాజు చేసుకుని ఆంటీ పైకి వచ్చింది.

"ఇంతాలస్యమా? నీ సామాను ఎప్పుడో వచ్చింది."

"అజాన్ అయిపోయింది కదాంటీ, నర్సమ్మకి ఇచ్చేశారనుకున్నా."

"ఎందుకిస్తాను? సామానొచ్చాక నువ్వొచ్చినట్టే కదా. నర్సమ్మకి లేదని చెప్పేశా."

ఈ మాట ఎక్కడో విన్నాననిపించింది. చార్జరు తీసి ఫోను బతికించగానే అత్త నుంచి కాల్ వచ్చింది. స్పీకర్లో పెట్టాను. పొరపాటు చేశాను. సామాను చేరితే మనిషి చేరినట్టేనని ఈవిడ, నేనూ అదే చెబుతున్నానని ఆవిడ. ఆవకాయ మూత గట్టిగా పెట్టానా, పెరట్లో కరివేపాకు ఉందా, పిల్ల పొద్దున్నే లేస్తుందా అంటూ ఇద్దరూ నన్ను దాటి మాట్లాడుకుంటున్నారు. గుడివాడ హాలు అంచెలంచెలుగా బందరు వచ్చేస్తోందని అర్థమైంది.

బ్యాగు కిందికి దించబోతే, "ఉండనీ, కాసేపు కూర్చోనీ. పాపం దివిసీమ నుంచి వచ్చింది" అని ఆంటీ కిందికి వెళ్ళింది.

నేను తలుపు వేసి ఇత్తడి గడియ పెట్టాను. చిన్న శబ్దం చేసింది. కాసేపు నిలబడ్డాను. పాలబ్బాయి రాలేదు, పేపరబ్బాయి రాలేదు. గడియ తీశాను. మళ్ళీ పెట్టాను. బాగుంది. ఇంకోసారి తీసి పెడుతుంటే, కింద నుంచి ఆంటీ కేకేసింది.

"గడియ బిగుసుకుందా అమ్మా?"

"లేదాంటీ" అన్నాను. "సరిగ్గా పడుతోంది."