నీటి జారుడుబల్లలకు యంగోనా కట్ట

లబాసా వైపు నుంచి పక్క దీవిలోని నంది దగ్గరి వాటర్ పార్కు రిసార్టుకు వెళ్లాలనుకునేవాళ్లకు ముందే ఒక మాట. నబౌవాలు రేవులో ఓడ అందాలంటే తెల్లవారకముందే బస్సెక్కాలి. మాది లబాసాకు ఇంకా అవతల వాయినికోరో. అందుకని ముందురోజే టాబియాలో పిన్ని ఇంటికి చేరాం. నాకు కునుకు పట్టలేదు. టికెట్లు, గది, బస్సులు అన్నీ ఫోన్లో చూసి నేనే కుదిర్చాను. మాలో ఎవరూ చూడని చోటు. ఏది తప్పినా నా మీదికే వస్తుంది.

చెరకు నరికే రోజుల్లో నాన్న ఇల్లు కదలడం ఇదే మొదటిసారి. చెల్లి లత ఏడ్చి సాధించింది. తీరా బయలుదేరేటప్పుడు నాన్న, నూరి నీళ్లలో కలిపి తాగే యంగోనా వేళ్ల కట్ట ఒకటి పాత పేపరులో చుట్టి సంచిలో పెట్టాడు.

"అది హోటల్ నాన్నా, అక్కడ ఎందుకు?"

"హోటలైతే గాల్లో ఉందా? ఎవరిదో నేల మీదే కదా."

ఈ దీవుల్లో నేల మూలవాసులది, వాళ్ల ఊళ్లో అడుగు పెడితే ఊరి పెద్దకు యంగోనా ఇచ్చి అనుమతి అడగాలి. తాతల నాటి నుంచి కౌలు నేల మీద బతుకుతున్నవాళ్లం, నాన్న ఆ మర్యాద ఎన్నడూ తప్పలేదు. నేను సంచి మూతి కట్టాను. వాదించడం నాకు చేతకాదు.

ఓడలో నాన్న రెయిలింగ్ పట్టుకునే నిలబడ్డాడు. అమ్మ రొట్టె, ఆలుగడ్డ కూర తీసింది. పక్క బల్ల మీది ముసలాయన ఎక్కడికని లతను హిందీలో అడిగాడు, "కహాఁ బేటీ?" విషయం విని, "నీళ్లలో జారడానికి ఇంత దూరమా? మా ఏటి గట్టుకు రా, ఊరికే జారిస్తా!" అన్నాడు. అందరూ నవ్వారు. నేను ఫోన్లో బుకింగ్ మళ్లీ చూసుకున్నాను.

నతోవిలో ఓడ దిగి బస్సులో సువా, సువా నుంచి నంది. రాత్రి చిన్న లాడ్జి. మర్నాడు పదింటికి రిసార్టు గేటు దగ్గర సంచులు వెతికారు.

"బయటి తినేవి, తాగేవి లోపలికి రావు సార్," అంది కౌంటర్ అమ్మాయి కట్ట చూసి, ఇంగ్లీషులో.

మూలవాసుల ఊళ్లలో వాళ్ల భాషలో గలగలా మాట్లాడే నాన్నకు ఇంగ్లీషు ముందు నోరు పెగలదు. కట్ట తీసుకుని బయట అరుగు మీద కూర్చున్నాడు. "మీరు వెళ్లండి. ఈ నేల పెద్దను అడక్కుండా నేను రాను."

"ఇంత దూరం వచ్చి గేటుకు కాపలా కాస్తారా?" అంది అమ్మ. లత కళ్లలో నీళ్లు.

నేనే వెళ్లి గార్డుని అడిగాను, ఈ నేల ఎవరిదని.

"ఇక్కడ అందరూ టాయిలెట్ ఎక్కడని అడుగుతారు!" అని నవ్వాడు. తర్వాత మడ చెట్ల అవతల దారి చూపించాడు. "మా ఊరిదే. మా పెదనాన్నే పెద్ద. వెళ్లండి."

సామాను కౌంటర్లో వదిలి ఎండలో నడిచాం. పెద్దాయన ఇంట్లో నాన్న చాప మీద కూర్చుని, కట్ట ముందు పెట్టి, వాళ్ల భాషలో నెమ్మదిగా అడిగాడు. పెద్దాయన కట్ట ముట్టుకుని, ఒప్పుకున్నట్టుగా దోసిలి పట్టి చప్పట్లు కొట్టాడు. నూరిన యంగోనా గిన్నె తిరగడం మొదలైంది. తిరుగుతూనే ఉంది.

"ఇంకో గిన్నె తాగితే పార్కు మూసేస్తారక్కా," అని లత నా మోచెయ్యి గిల్లింది.

లత తొందర సంగతి తెలిసి పెద్దాయన పకపకా నవ్వాడు. "ఆ బల్లలు నేనింకా ఎక్కలేదు. నా బదులు నువ్వు జారు," అన్నాడు నాన్నతో.

ఇక కాదనడానికి లేదు. మూడింటికి లోపలికి వెళ్లాం. నాన్న చొక్కా విప్పి, అందరికంటే ఎత్తు బల్లెక్కి, దణ్ణం పెట్టుకుని జారాడు. ముక్కులోంచి నీళ్లు కారుతుంటే మళ్లీ మెట్ల వైపు నడిచాడు. లత వెనకాలే పరుగెత్తింది.

మర్నాడు తిరుగు దారిలో నాన్న ఆ ఊరి మలుపు దగ్గర టాక్సీ ఆపించి, ఎలా జారాడో పెద్దాయనకు చేతులతో చూపించాడు. ఆయన ఆకులో చుట్టిన ఉడికిన చేమదుంపలు చేతిలో పెట్టాడు. ఓడలో అవే తిన్నాం. గది బాగుంది, బల్లలు బాగున్నాయి, తిండి మాత్రం చప్పన.

"మళ్లీ ఎప్పుడు నాన్నా?" అంది లత.

"ఈసారి మన వంతు కాదు," అన్నాడు నాన్న, బల్ల మీద కాళ్లు చాపుతూ. "పెద్దాయనే మన చెరకు చూడ్డానికి వస్తానన్నాడు." అంటూనే నిద్రపోయాడు.

ఆయన ఏ ఓడకు వస్తాడో, ఎంతమందితో వస్తాడో, ఎక్కడ పడుకోబెట్టాలో. మళ్లీ ఫోను తీసి ఓడ వేళలు వెతకడం మొదలుపెట్టాను.