ఆమె సంచిలోని గ్లాసు

ఎవరింట్లోనైనా విడిగా బోర్లించిన గ్లాసు కనిపిస్తే, అది ఎవరిదని నేనిప్పటికీ అడుగుతాను. అడిగితే కొందరికి కోపం వస్తుంది. రానీ.

ఎనభైల చివర్లో, జహీరాబాద్ బస్టాండులో బస్సు ఆగింది. నా పక్క సీటులో ఝరాసంగం దిక్కు ఆవిడ ఉంది. వాచిన కాలు ఈడ్చుకుంటూ నాతోపాటు దిగింది. ఇద్దరికీ చాయ్ చెప్పాను. ఆమె సంచిలోంచి స్టీలు గ్లాసు తీసి చాయ్ పోసేవాడికి చాపింది.

"మడి పాటిస్తవా?" అన్నాను.

"మడి గాదక్కా. మూడు కడుపులు పోయినయి. ఈడ దవాఖానల నా రక్తం చూసి సుఖరోగమన్నరు. గప్పటిసంది ఇంట్ల నా గ్లాసు వేరు, పళ్లెం వేరు."

"మీ ఆయన రక్తం చూసిన్రా?"

"మొగోనికెందుకన్నది మా అత్త."

తర్వాత కాలు వాస్తే హైదరాబాదు దవాఖానకు పోయిందట.

"నా రక్తం ఊకెనే గడ్డ కడ్తదట. గసొంటి రక్తంల ఆ పరీక్ష తప్పు చూపిస్తదట. ఇంకో పరీక్ష చెయ్యకుండ ఆ రోగమని ఎట్ల చెప్పిన్రని డాక్టరమ్మ గరమైంది. కడుపులు పోయింది గూడ గందుకేనట."

"ఇంట్ల చెప్పినవా?"

"చెప్పిన. ఊరంత తెల్సినంక ఇప్పుడు ఇల్లిల్లు తిరిగి కాదని చెప్పాల్నా అన్నడు మా ఆయన."

నాకు ఒళ్లు మండింది. "ఇంకా ఆ గ్లాసెందుకు? పారెయ్యరాదూ!"

ఆమె చాయ్ తాగి, గ్లాసు కడిగి, కొంగుతో తుడిచి సంచిలో పెట్టుకుంది.

"పారేస్తే ఇంట్ల దేంట్ల తాగాలక్కా? ఇంకోటి ముట్టనియ్యరు."