వేదాద్రి మెట్ల మీద ఎత్తుకున్న మనిషి

కాళ్లు లేని మనిషి కృష్ణానది ఈదుకొస్తుంటే మీకు జాలి ఎందుకు కలుగుతుంది? అసూయ ఎందుకు కలగదు? నాకు కలిగింది.

చలికాలం పొద్దున జగ్గయ్యపేటలో మిలిటరీ ట్రక్కు దిగాం. లారీలు, సిమెంటు దుమ్ము. మా నందిగామ పక్కనే ఉన్నా ఇంటికెళ్లే అనుమతి లేదు. ఆర్డరు ఒకటే. ముక్త్యాల రేవులో దిగి వేదాద్రి మెట్ల దాకా ఈదాలి. డ్యూటీలో కాళ్లూ చేతులూ పోయిన సైనికులు సముద్రం ఈదబోతున్నారు. ఆ జట్టులో ఒక్క చోటే ఖాళీ. పోటీలో ఇద్దరం మిగిలాం. ఒక్కొక్కరం ఒక్కో రోజు ఈదాలి, తక్కువ టైములో చేరినవాడిదే ఆ చోటు.

నాకు ఎడమ మోకాలి కింద కాలు లేదు. రెండోవాడు ఫిరంగి దళంవాడు, అందరం గన్నర్ అనే పిలుస్తాం. వాడికి రెండు మోకాళ్ల కిందా లేదు. ఇద్దరివీ మందుపాతరలే. వాడిది పెనుగంచిప్రోలు. మున్నేట్లో ఈత నేర్చాడు.

మొదటి రోజు నేను ఈదాను. మర్నాడు వాడి వంతు. నేను పడవలో, వాకీటాకీతో పరిశీలకుణ్ణి.

"ఏరా నందిగామా, పడవలో కునుకు తియ్యకు. చూసి నేర్చుకో" అన్నాడు నీళ్లలోంచి.

"నోరు మూసుకుని ఈదరా, నీళ్లు పోతాయి" అన్నాను.

ఎదురుగాలి. అయినా వాడి చేతులు చప్పుడు లేకుండా నీళ్లలోకి దిగుతున్నాయి. "చేపండీ బాబూ, మనిషి కాదు" అన్నాడు పడవవాడు. నిన్న నన్ను చూసి ఆ మాట అనలేదు. ఒళ్లు మండింది.

మెట్లు దగ్గరపడ్డాయి. పై మెట్టు మీద టైము చూస్తున్న మా సుబేదార్ సారు వాకీటాకీలో అడిగారు. "ఎలా వస్తున్నాడు?"

"నా టైముకన్నా చాలా ముందున్నాడు సార్." ఆ ముక్క చెప్పి వాకీటాకీ కట్టేశాను.

పై మెట్టు ఎక్కేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. ముట్టుకుంటే ఈత చెల్లదు. ఆ మాట స్నానాలు చేసేవాళ్లకు పొద్దుటి నుంచీ చెబుతూనే ఉన్నాం. గన్నర్ చేతుల మీద మెట్లెక్కడం మొదలుపెట్టాడు. తడి పంచెతో ఒకాయన పరుగెత్తుకొచ్చాడు.

"అయ్యో పాపం, ఏ జన్మలో ఏం చేసుకున్నాడో! పట్టుకోండయ్యా, పుణ్యం వస్తుంది!"

"ముట్టుకోవద్దండీ!" అని అరిచాను. అప్పటికే చంకల కింద చేతులేసి లేపేశాడు.

"దించు! నన్ను దించవయ్యా!" అంటున్నాడు గన్నర్. ఆయన దించలేదు. పసిపిల్లాణ్ణి మోసినట్టు మోసుకెళ్లి పై మెట్టు మీద కూర్చోబెట్టి దణ్ణం పెట్టాడు.

"చెల్లదు" అన్నారు సుబేదార్ సారు. మర్నాడే జట్టు సముద్రానికి బయల్దేరాలి. మళ్లీ ఈదే వీల్లేదు. చోటు నాదైంది.

ఏ జన్మ పాపమండీ? మందుపాతర పెట్టినవాడు మా జాతకాలు చూసి పెట్టాడా? ఒకడి కష్టాన్ని లాక్కుని తన పుణ్యంలో కలుపుకోవడాన్ని దయ అంటారా?

సముద్రం ఈదాను. తిరిగొస్తే నందిగామ బస్టాండులో దండలేశారు. వాడు ఈదిన ఈత మాత్రం నాకు రాలేదు. ఇప్పటికీ అసూయే. కళ్లు మూస్తే ఒకటే కనిపిస్తుంది. ఆయన చేతుల్లో, గాలిలో వేలాడుతూ, తరవాతి మెట్టు కోసం ఇంకా చాస్తున్న గన్నర్ చేతులు.

రేపు మీ రేవుకి అలాంటి మనిషి ఈదుకొస్తే మీ చేతులు వెనక్కి కట్టుకోండి. దారి వదలండి. అతను పై మెట్టెక్కాక, కావాలంటే నాలాగే కుళ్లుకోండి.